మూత వెనక అంకె

ఆ పెట్రోలు బంకులో అందరూ అతన్ని మూత డాక్టరు అనేవారు. ఆ పేరు పెట్టింది రెండో పంపు దగ్గర పనిచేసే బక్కాయన. ఏ కారు వచ్చి ఆగినా డాక్టరు ముందు పైపు మీద చెయ్యి వేసేవాడు కాడు. పెట్రోలు మూత తెరిచి, నడుం వంచి, మూత లోపలివైపు అంటించిన చిన్న కాగితం చదివేవాడు. డాక్టరు నాలుక చాపమన్నట్టే ఉండేది ఆ తతంగం. తొంభై ఒకటా, తొంభై ఎనిమిదా? ఏ ఇంజనుకి ఏ ఆక్టేను పెట్రోలు పడుతుందో కారు కట్టినవాడు అక్కడే రాసి పెడతాడు. కొన్నవాడు మాత్రం పదేళ్ళు తిరిగినా ఆ కాగితం వైపు చూడడు. అతని బదులు ఇతను చూసేవాడు.

"మీ బండికి తొంభై ఒకటి చాలు సార్. నంబరు పెరిగితే పరుగు పెరుగుతుందనుకోకండి, ఇదేం బలానికి మందు కాదు," అని చిన్న కార్లవాళ్ళని ఖరీదైన పంపు దగ్గర్నుంచి పక్కకి పంపేవాడు. అదే ఎవరైనా టర్బో బండి తెచ్చి "మామూలుదే కొట్టవయ్యా" అంటే వాళ్ళతో పేచీ పెట్టుకునేవాడు. "దీనికి తొంభై ఎనిమిదే సార్. మామూలుది పోస్తే లోపల సమయం రాకముందే అంటుకుంటుంది. టకటకా కొట్టుకుంటుంది. ఆ చప్పుడు మీ చెవిన పడేసరికి పిస్టను పని అయిపోతుంది."

"నా బండి పోతే నీకేంటి?"

"నాకేం లేదు సార్. దానికి నోరు లేదు కదా, అందుకని చెప్తున్నా."

తొంభై ఎనిమిది ఇంకా అమ్మాలి, ఇంకా అమ్మాలి అని పైవాళ్ళు మేనేజరు ప్రాణం తోడుతుంటే, వచ్చిన బేరాన్ని ఇతను చేజేతులా వెనక్కి పంపడం చూసి మేనేజరుకి అరికాలి మంట నెత్తికెక్కేది. అయినా ఏమీ అనలేకపోయేవాడు. ఎందుకంటే సగం మంది ఆ రోడ్డు మీద నాలుగు బంకులు దాటుకుని మరీ డాక్టరు కోసమే ఇక్కడికి వచ్చేవారు.

ఆ వచ్చేవాళ్ళలో ఈత టీచరు ఒకామె. రెండు తలుపుల ఎర్ర కారు ఆమెది, సెకండ్ హ్యాండు. కొన్న కొత్తలో ఎత్తు ఎక్కితే చాలు, డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు చప్పుడు చేసేది. ఇంజను పోయింది, అమ్మేసుకో అన్నారందరూ. డాక్టరు మూత తెరిచి చూసి, "ఇన్నాళ్ళూ దీనికి ఏం పోస్తున్నారమ్మా?" అని అడిగాడు. మామూలుది అంది. "ఒక్క ట్యాంకు తొంభై ఎనిమిది పోయించి చూడండి. చప్పుడు పోకపోతే వచ్చి నన్ను తిట్టండి." వారం తిరిగేసరికి ఆమె వచ్చింది, తిట్టడానికి కాదు. అప్పట్నుంచీ అతని చేత్తో తప్ప ఇంకొకరి చేత్తో పోయించుకునేది కాదు. పొద్దున్నే కొలను తెరవకముందు కొండ రోడ్డు మీద ఒక గంట తిరిగి రావడం ఆమెకి అలవాటు. "రోజంతా పిల్లల కేకలే డాక్టరు గారూ. ఆ ఒక్క గంటే నాది," అనేది.

* * *

సోమవారం పొద్దున ఆరింటికి ఎప్పటిలాగే అతను రెండు ట్యాంకుల నుంచీ చెరో గాజు జాడీ నింపాడు. డెన్సిటీ చూడాలి, వచ్చిన అంకె గోడ మీది నల్ల బోర్డు మీద సుద్దతో రాయాలి. దాంతోపాటు రంగు కూడా చూడాలి. మామూలు పెట్రోలులో కంపెనీవాళ్ళు ఎర్ర రంగు కలిపి పంపుతారు. తొంభై ఎనిమిదిలో ఏ రంగూ ఉండదు, నీళ్ళలా ఉంటుంది.

ఆ రోజు నీళ్ళలా లేదు. జాడీ ఎండకేసి పట్టుకున్నాడు. పలచగా ఎరుపు. జాడీ సరిగ్గా కడగలేదేమోనని కడిగి, తుడిచి, మళ్ళీ పట్టాడు. అదే ఎరుపు. గాజు గొట్టం ముంచితే అంకె కూడా తేడాగా వచ్చింది.

బంకు వెనక్కి వెళ్ళాడు. లారీ లోడు దింపే మూతులు రెండూ అక్కడే ఉంటాయి, ఒకదానికి ఎర్ర మూత, ఒకదానికి తెల్ల మూత. మురికి పట్టి ఆ రంగులు కనపడకుండా పోతే నెలకోసారి అతనే గుడ్డపెట్టి రుద్దేవాడు. ఇప్పుడు తెల్ల మూత ఉండాల్సిన చోట ఎర్రది ఉంది. నిన్న ఆదివారం, అతనికి సెలవు. మధ్యాహ్నం లోడు వచ్చిందట. లారీవాడు తొందరపెడుతుంటే మేనేజరే స్వయంగా దిగి, రెండు మూతలూ ఒకేసారి ఊడదీసి పక్కన పెట్టాడట. పైపు తగిలించేముందు సీసాలో పట్టి రంగు చూడాలన్నది డాక్టరు ఇరవై ఏళ్ళుగా ఒక్కసారీ తప్పని పని. మేనేజరు పప్పులో కాలేశాడు, మామూలు లోడు తొంభై ఎనిమిది ట్యాంకులోకి దిగింది.

"సగానికి సగం కలిసింది సార్," అన్నాడు గదిలోకి వెళ్ళి. "ఆ పంపు మూసేద్దాం. ట్యాంకు తోడించాలి."

మేనేజరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. కుర్రతనం ఇంకా పూర్తిగా వదలని మనిషి, ఆ కుర్చీలో కూర్చుని ఏడాది కాలేదు. లేచి తలుపు దగ్గరికి వేశాడు. "తోడించాలంటే పైకి చెప్పాలి. చెప్తే నన్ను ఈ పూటే ఇంటికి పంపిస్తారు. డాక్టరూ, మూడు రోజులు. మూడంటే మూడు రోజుల్లో అమ్ముడైపోతుంది. ఆపైన మంచి లోడు వస్తుంది. ఎవడికీ ఏమీ కాదు. బోర్డు మీద నిన్నటి అంకే రాసెయ్."

"స్పోర్ట్సు బళ్ళు వస్తాయి సార్."

"ఒక్క ట్యాంకుకే పోతాయా ఏం? నీ చేతులు పట్టుకుంటాను," అన్నాడు, అన్నంత పనీ చేశాడు. చల్లగా, చెమటపట్టి ఉన్నాయి ఆ చేతులు.

డాక్టరు చేతులు విడిపించుకున్నాడు. బోర్డు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తను రాసిన అంకె తన కళ్ళముందే ఉంది. అరచేతి అంచుతో తుడిచాడు. నిన్నటి అంకె రాశాడు. రాసి, చుట్టూ చూసి, జాడీలోని ఎర్ర పెట్రోలుని ఒక సీసాలో పోసి బిరడా బిగించి, తేదీ రాసిన కాగితం అంటించాడు. ఎందుకు చేశాడో అప్పటికి అతనికే తెలీదు. గాలి మిషను వెనకున్న ఒంటిగది వాళ్ళ ఇల్లు. సీసాని తడి గోనెలో చుట్టి స్నానాలగది మూలన పెట్టాడు.

"ఇంట్లో పెట్రోలా? మతి గానీ పోయిందా?" అంది భార్య. బంకు కొట్లో బిల్లులు కొట్టేది ఆవిడే. యూనిఫారం గుండీలు పెట్టుకుంటూ గుమ్మంలో నిలబడిపోయింది.

జరిగిందంతా చెప్పాడు. ఆవిడ చివరి గుండీ పెట్టుకుంది. "కొట్టు తెరవాలి, టైమైంది," అని వెళ్ళిపోయింది.

* * *

మంగళవారమంతా అతను అబద్ధాలాడాడు. తొంభై ఎనిమిది కావాల్సిన బండి కనపడితే చాలు, ఎదురెళ్ళి చేతులు అడ్డంగా ఊపి, "పంపు రిపేరు సార్, పక్క బంకుకి వెళ్ళండి," అన్నాడు. ఐదు బళ్ళని అలా గండం గట్టెక్కించాడు. ఇంకొక్క రోజు ఇలా నెట్టుకొస్తే చాలనుకున్నాడు. ఆరో బండికి మేనేజరు అద్దంలోంచి చూడనే చూశాడు.

"నువ్వు ఇలా అందర్నీ వెనక్కి పంపిస్తుంటే ట్యాంకు ఎప్పటికి ఖాళీ అవుతుంది? ఇంకో వారం అదే అమ్ముతాం. నీకది బాగుంటుందా?" అని నిలదీశాడు.

బుధవారం పొద్దున మేనేజరు కుర్చీ తెచ్చుకుని పంపు పక్కనే వేసుకుని కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే ఎర్ర కారు లోపలికి తిరిగింది. రానీకు, ఈ ఒక్కదాన్నీ రానీకు అనుకున్నాడు డాక్టరు, ఎవరికి చెప్పుకున్నాడో ఏమో. కారు వచ్చి అతని మోకాళ్ళ ముందే ఆగింది.

ఈత టీచరు తడి జుట్టు వెనక్కి ముడేసుకుంటూ దిగింది. ఆమె వస్తే కొలను నీళ్ళ వాసన కూడా వస్తుంది. తనే మూత తెరిచి, "ఆఁ... నాలుక చాపాం డాక్టరు గారూ, చూడండి," అని నవ్వింది.

అతను వంగాడు. తొంభై ఎనిమిది మాత్రమే, అని ఉంది. తనకి కంఠతా వచ్చిన కాగితమే. అయినా అక్కర్లేనంతసేపు చూశాడు. వెనక కుర్చీ కిర్రుమంది.

"సగం కొట్టనా అమ్మా?"

"సగమెందుకు? ఫుల్ చెయ్యండి. రేపు కొండ పైదాకా వెళ్దామనుకుంటున్నా."

పైపు తీశాడు. చివర కారిన చుక్క నేలమీద పడి ఆరిపోయేదాకా చూశాడు. 'ఇది కాదమ్మా' అన్న రెండు ముక్కలు చాలు. ఆ రెండు ముక్కలూ పెదవుల దాకా వచ్చాయి. కొట్టు అద్దం వెనక భార్య తలెత్తి అతన్నే చూస్తోంది. పైపు మూతిలో పెట్టి నొక్కాడు. మీటరు తిరిగింది. నిండాక టక్కుమని ఆగింది. ఎప్పుడూ పైన ఒక్క చుక్క కూడా పోయనివాడు, పైపు తీయడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు.

"డాక్టరు గారూ?"

"ఆఁ, అయిందమ్మా." మూత మూశాడు. ఆమె లోపల బిల్లు కట్టి వచ్చి కూర్చున్నాక కిటికీ దగ్గరికి వంగి, "మెల్లగా వెళ్ళండమ్మా," అన్నాడు.

"ఈ బండి పెట్టుకుని మెల్లగానా! ఏంటివాళ మీకు?" అని నవ్వేసి వెళ్ళిపోయింది.

మేనేజరు కుర్చీ మడిచి లోపలికి తీసుకెళ్ళాడు.

* * *

శుక్రవారం మధ్యాహ్నం మెకానిక్ వచ్చాడు. ఊరి చివర షెడ్డు అతనిది. డాక్టరుకి పాత పరిచయమే, ఇద్దరూ కలిసి టీ తాగిన రోజులున్నాయి. ఒక చేతిలో సీసా, ఇంకో చేతిలో పాతగుడ్డ మూట. మేనేజరు బల్ల మీద రెండూ పెట్టి మూట విప్పాడు. పిస్టను. దాని తల అంచు ఎవరో కొరికినట్టు విరిగి ఉంది.

"గురువారం పొద్దున కొండెక్కుతూ ఉంటే పోయింది," అన్నాడు మెకానిక్. "పొగ కమ్మేసిందట. మలుపులో బండి ఆగిపోతే ఆ పిల్ల ఒక్కతీ నెట్టుకుంటూ పక్కకి తెచ్చుకుంది. ట్యాంకులోంచి తీసింది ఇదిగో. ఈ ఎరుపు చూడండి. ఇది తొంభై ఎనిమిదైతే నేను విమానం నడుపుతా."

"ఒక్క రోజులో ఇంజను పోతుందా? ముందే పాడైపోయి ఉంటుంది," అన్నాడు మేనేజరు.

"ముందు పాడైందాన్ని బాగు చేసింది మీ డాక్టరేగా. అడగండి." మెకానిక్ ఇతని వైపు తిరిగాడు. "ఏమయ్యా, మాట్లాడవేం?"

డాక్టరు పిస్టను చేతిలోకి తీసుకుని, విరిగిన అంచు మీద బొటనవేలు పెట్టి తడిమాడు. అందరికీ చెప్పే ఆ చప్పుడు చేసే పని ఇదే. తను ఎన్నిసార్లు చెప్పాడో, ఎందరికి చెప్పాడో.

మెకానిక్ వెళ్ళాక మేనేజరు తెల్లకాగితం ముందుకు తోశాడు. రాసింది అతనే, అడుగున సంతకానికి మాత్రం చోటు ఉంచాడు. తొంభై ఎనిమిది అడిగిన బండికి నా పొరపాటున తొంభై ఒకటి పైపు పెట్టాను, ఇందులో బంకు తప్పు ఏమీ లేదు. అంతే ఉంది అందులో.

"మనిషి పొరపాటైతే ఎంక్వయిరీ ఉండదు. ట్యాంకు పొరపాటైతే పైనుంచి వస్తారు," అన్నాడు మేనేజరు, అతని ముఖంలోకి చూడకుండా. "వస్తే బోర్డు చూస్తారు. రాత నీదే. బిల్లులు చూస్తారు. సోమవారం నుంచీ తొంభై ఎనిమిదని బిల్లు కొట్టింది మీ ఆవిడ. అంతా తెలిసే కొట్టింది. నాతో పాటు మీరిద్దరూ పోతారు. గది కూడా బంకుదే కదా. సంతకం పెడితే నీ మీద ఈగ వాలనివ్వను. ఒట్టు."

"రేపు చెప్తాను సార్."

ఆ సాయంత్రం భార్య అతని యూనిఫారం ఉతుకుతోంది. ఎంత ఉతికినా ఆ వాసన పోదు. అతను గడపలో కూర్చుని అంతా చెప్పాడు. "ఇరవై ఏళ్ళు. ఒక్క బండికి ఒక్కసారి తప్పు పైపు పెట్టలేదు నేను. పెట్టానని రాసివ్వాలట."

ఆవిడ చొక్కా పిండి, దులిపి, తీగ మీద ఆరేసింది. "తప్పు పైపు పెట్టలేదు. నిజమే. తప్పని తెలిసి ఒప్పు పైపు పెట్టావు. ఏది నయం?"



"నిన్ను దెప్పడానికి కాదు," అంది ఆవిడ గొంతు తగ్గించి. "అద్దంలోంచి చూస్తూ నేను మాత్రం ఏం చేశాను? తొంభై ఎనిమిదని బిల్లు కొట్టి చేతికిచ్చాను. ఆ అమ్మాయి థాంక్స్ ఆంటీ అంది. ఇప్పుడు నువ్వు సంతకం పెడితే ఇక్కడ ఉంటాం, పెట్టకపోతే పోతాం. ఈ వయసులో మనల్ని ఎవరు రమ్మంటారు? నీకేది తోస్తే అది చెయ్యి. ఆ సీసా మాత్రం నా ఇంట్లోంచి తీసెయ్, నాకు నిద్ర పట్టట్లేదు."

శనివారం పొద్దున సంతకం పెట్టాడు. మధ్యాహ్నం ఖాళీ అయిన ట్యాంకులోకి మంచి లోడు వచ్చింది. పైపు తగిలించే ముందు సీసాలో పట్టి రంగు చూశాడు. మేనేజరు పక్కనే నిలబడి తనూ చూశాడు. గోనెలో చుట్టిన సీసా మాత్రం ఇంకా స్నానాలగది మూలనే ఉంది.

* * *

సోమవారం పొద్దున జాడీలో పెట్రోలు నీళ్ళలా ఉంది. బోర్డు మీద నిజమైన అంకె రాశాడు. రాసి వెనక్కి తిరిగేసరికి, రోడ్డు దాటుకుని ఈత టీచరు నడిచి వస్తోంది. ఆమె నడిచి రావడం అతను ఎప్పుడూ చూడలేదు. బస్సు దిగి వస్తోంది కాబోలు, ముఖమంతా దుమ్ము కొట్టుకుపోయి ఉంది.

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె సంచీలోంచి, మేనేజరు పంపిన ఆ కాగితం నకలు తీసింది.

"ఇది మీరే రాశారా?"

"సంతకం నాదేనమ్మా."

"సంతకం సంగతి కాదు. రాసింది నిజమా అని." పంపుకి ఆనుకుని నిలబడింది. "మెకానిక్ అన్న కూడా నమ్మలేదు. డాక్టరు పైపు మారుస్తాడా, సూర్యుడు పడమట పొడవాలి అన్నాడు. నేనూ నమ్మలేదు. వీళ్ళేదో చేసి మీ మీదకి తోశారు కదా? చెప్పండి. నేను కంపెనీ దాకా వెళ్తాను. మీ ఉద్యోగం జోలికి ఎవరైనా వస్తే నేను ఊరుకోను. కొలనుకి వచ్చే పిల్లల తల్లిదండ్రుల్లో లాయర్లు కూడా ఉన్నారు. బండి ఎలాగూ పోయింది, ఇక బాగుపడదన్నారు. కానీ మీరు అలాంటి మనిషని నేను అనుకోలేను. ఒక్క మాట చెప్పండి చాలు."

గది అక్కడికి ముప్ఫై అడుగులు ఉంటుంది. తడి గోనె, దాంట్లో సీసా, సీసా మీద తేదీ. అద్దం వెనక భార్య బిల్లు పుస్తకం మూసి చూస్తోంది. మేనేజరు గది కిటికీ తెర కొంచెం కదిలింది. ఇన్నేళ్ళలో ఎవరూ అతని కోసం ఇలా నడిచి రాలేదు.

"నేనేనమ్మా," అన్నాడు. "ఆ పూట కళ్ళు బైర్లు కమ్మాయి. తలనొప్పిగా ఉండింది. ఒక పైపు బదులు ఇంకో పైపు తీశాను. నా ఖర్మ."

ఆమె అతన్నే చూసింది. నమ్మాలనే చూసింది. సరే అన్నట్టు తలూపి, కాగితం నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుని రెండడుగులు వేసింది. మళ్ళీ ఆగింది.

"మరి ఆ రోజు మెల్లగా వెళ్ళమని ఎందుకన్నారు?"

అతను నోరు తెరిచాడు. ఏదో ఒకటి చెప్పాలి. రోడ్డు బాగాలేదని అయినా, వర్షం వచ్చేట్టుందని అయినా. ఏదీ దొరకలేదు.

"రెండేళ్ళలో ఒక్కసారీ అలా అనలేదు మీరు," అంది ఆమె, తనకి తానే చెప్పుకుంటున్నట్టు. "సగం కొట్టనా అని కూడా అడిగారు." ముఖంలో ఇన్నాళ్ళూ ఉన్నదేదో అతని కళ్ళెదుటే ఆరిపోయింది. "మీకు తెలుసు."

అడగడం కాదు అది. అతను తల దించుకున్నాడు. ఆమె చెంప మీద ఒక్కటి కొట్టినా అతనికి తేలికయ్యేది. సంచీ భుజానికి సర్దుకుని, వచ్చిన దారినే రోడ్డు దాటి, బస్సు ఆగేచోట ఇటు వీపు పెట్టి నిలబడింది. బస్సు పావుగంట దాకా రాలేదు. ఆ పావుగంటా అతను పంపు దగ్గర నుంచి కదల్లేదు.

తర్వాత గదిలోకి వెళ్ళి గోనె విప్పి సీసా బయటికి తెచ్చాడు. గాలి మిషను పక్కనున్న చిన్న జనరేటరు మూత తీసి అందులో ఒంపేశాడు. కాగితం గీకి పారేశాడు. అద్దం వెనక భార్య చూసి తల పక్కకి తిప్పుకుంది.

పదిన్నరకి ఒక పాత ఖాతాదారు వచ్చాడు. రిటైరైన ముసలాయన, చిన్న కారు, పన్నెండేళ్ళుగా ఇక్కడే పోయించుకుంటాడు. అలవాటు ప్రకారం మూత మీట లాగి, అద్దంలోంచి వెనక్కి చూస్తూ కూర్చున్నాడు. డాక్టరు రెండు పైపుల మధ్య నిటారుగా నిలబడి ఉన్నాడు, వంగలేదు.

"ఏం డాక్టరూ, పేషంటుని చూడవా?"

"ఏది పొయ్యమంటారు సార్?"

ముసలాయన నవ్వుతూ తల బయటికి పెట్టాడు. "అదేంటోయ్ కొత్తగా! అది చెప్పాల్సింది నువ్వు కదా."

"నేను చెప్పను సార్," అన్నాడు. "మీరే చెప్పండి. ఏదంటే అది పోస్తాను."

నవ్వు ఆగిపోయింది. ముసలాయన రెండు పంపుల వైపు మార్చి మార్చి చూశాడు. పన్నెండేళ్ళుగా తన కారుకి ఏం పోస్తున్నారో ఆయనకి తెలీదు. వెనక ఇంకో బండి వచ్చి హారన్ కొట్టింది.

"ఏదో ఒకటి కానివ్వవయ్యా," అన్నాడు చివరికి విసుగ్గా.

డాక్టరు చేతికి దగ్గరగా ఉన్న పైపు అందుకున్నాడు.